తెల్లపొడులకు చీటీలా? ఎంత అపచారం!

తెలుగింటి వంటగదికి అలిఖిత రాజ్యాంగం ఒకటుంది. సీసా మీద ఏ పేరుంటే లోపల ఆ సరుకు ఉండకూడదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు, బూస్ట్ సీసాలో చింతపండు, బిస్కెట్ల డబ్బాలో సూదీదారం. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. కందిపప్పును చూసి చింతపండనుకునేవాడు ఇంకా పుట్టలేదు. పేచీ అంతా పై అరలోని తెల్లపొడులతోనే. వాటికి పేర్లు రాసి అంటించాలని కొందరు తీవ్రవాదులు వాదిస్తున్నారు. ఖండిస్తున్నాం.

"అమ్మా, వంటసోడా ఎక్కడే?"

"నీలంమూత సీసాలో చూడు. ఆగాగు, మొన్న మూతలు మార్చాను."

చీటీ ఉంటే ఈ సంభాషణ మిగులుతుందా? పైగా పరీక్షలు ఉండనే ఉన్నాయి. అనుమానపు పొడి అర చెంచా తీసి గోరువెచ్చని నీళ్లలో వేయండి. బుసబుసా పొంగితే బేకింగ్ పౌడర్. అందులో సోడాతోపాటు పొడి ఆమ్లం, కాస్త పిండి ముందే కలిపి ఉంటాయి, తడి తగిలితే చాలు. కదలకుండా కరిగిపోయి, నిమ్మరసం పిండాక పొంగితే వంటసోడా. చెంచాడు సోడా చేసే పనికి బేకింగ్ పౌడర్ మూడు చెంచాలు పడుతుంది. కనుక కేకులో పౌడర్ బదులు సోడా అంతే కొలత వేస్తే సబ్బు తిన్నట్టుంటుంది. బజ్జీలకు పావుకిలో శనగపిండికి చిటికెడే సోడా. ఎక్కువైతే బజ్జీ ఒళ్లంతా చిల్లులు పడి నూనె పీలుస్తుంది. పిండుకుంటే మరో వాయి వేసుకోవచ్చు, ఆ లాభాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బట్టల సోడా మాటేమిటంటారా? తడిపి పసుపు కలపండి. పారాణిలా ఎర్రబడుతుంది. వంటసోడాకి అంత ఎరుపు రాదు. నోట్లో మాత్రం వేసి చూడకండి, నాలుక పొక్కుతుంది.

కార్న్‌ఫ్లోర్‌ని వేళ్ల మధ్య నొక్కితే కిర్రుమంటుంది, చన్నీళ్లలో కలిపి వదిలేస్తే అడుక్కి దిగుతుంది. మైదా కిమ్మనదు, తడిస్తే జిగురుముద్ద. పటిక వగరు, పటికబెల్లం తీపి. ప్రసాదం పంచాక తెలుసుకోవడం మన ఆచారం.

కర్పూరం దగ్గర మాత్రం ఉద్యమానికి కాసేపు విరామం. పచ్చకర్పూరం పచ్చగా ఉండదు, హారతి కర్పూరంలాగే తెల్లన. వాసనా ఇంచుమించు అదే, రెండూ మండుతాయి. మొదటిది చక్కెర పొంగలిలోకి, అదీ బియ్యపుగింజంత. మించితే చేదు, ఆపైన హాని. రెండోది విషం. పసివాళ్లు ఒక బిళ్ల మింగినా కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు, ఇంటివైద్యం చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ రెంటినీ విడదీసే వంటింటి పరీక్ష ఏదీ లేదు. కొన్న పొట్లం మీద రాసిందొక్కటే సాక్ష్యం. ఆ పొట్లాన్నే మనం ముందుగా చించి పారేస్తాం.

అందుకని రాజ్యాంగానికి ఒకే ఒక్క సవరణ: పచ్చకర్పూరం కొన్న డబ్బాలోనే ఉండాలి, హారతి కర్పూరం దేవుడి గది గడప దాటకూడదు, పిల్లల చేతికీ అందకూడదు. కావాలంటే దానికో చీటీ కూడా అంటించుకోండి. అంటించడానికి మైదా ఉడకబెట్టాలి. ఏ సీసాలో ఉందో అమ్మ గుడి నుంచి వచ్చాక అడుగుదాం.