ఆ మంట మళ్లీ క్యాంపస్‌కు రాకూడదు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పాత ప్రత్యర్థులైన రెండు యూనివర్సిటీలు, టెక్సస్ ఏ అండ్ ఎం, యూటీ ఆస్టిన్. వాటి అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు పదమూడేళ్ల తర్వాత 2024లో మళ్లీ తలపడ్డాయి. ఆటతో పాటు ఏ అండ్ ఎం బాన్‌ఫైర్ కూడా తిరిగి రావాలన్న కోరిక లేచింది. ఈ ఆటకు ముందు ఏటా విద్యార్థులే దుంగలు ఎత్తుగా పేర్చి వెలిగించే పెద్ద మంట అది. 1999లో జరిగిన ప్రమాదం తర్వాత క్యాంపస్‌లో ఆగిపోయింది. నిపుణులైన కాంట్రాక్టర్లతో కట్టించి క్యాంపస్‌లోనే వెలిగిద్దామని ఒక కమిటీ చెప్పింది. అప్పటి యూనివర్సిటీ ప్రెసిడెంట్ మార్క్ వెల్ష్ కుదరదన్నారు. ఆయన ఇప్పుడు ఆ పదవిలో లేరు కాబట్టి ఈ మాట మళ్లీ రావచ్చు. ఎన్నిసార్లు వచ్చినా జవాబు మాత్రం అదే ఉండాలి.

కావాలనేవాళ్ల ప్రేమ నిజమైనదే. అడవికి వెళ్లి గొడ్డళ్లతో చెట్లు నరికి, దుంగలు భుజాన మోసుకొచ్చి, వారాల తరబడి రాత్రిళ్లు కలిసి పనిచేసిన వాళ్ల మధ్య ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. కానీ కాంట్రాక్టర్ పేర్చిన కట్టెల ముందు నిలబడి ఫొటో దిగితే ఆ స్నేహం వస్తుందా? వాళ్లు అడుగుతున్నది ఒకటి, కమిటీ ఇస్తామన్నది ఇంకొకటి.

1999 నవంబర్ 18, తెల్లవారుజామున 2:42 గంటలు. 59 అడుగుల ఎత్తున పేర్చిన దాదాపు ఐదు వేల దుంగలు పిల్లలు పైన పని చేస్తుండగానే కూలిపోయాయి. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. ఎత్తు 55 అడుగులు దాటకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. అంతకు ఐదేళ్ల ముందు, 1994లో, వానలకు నేల మెత్తబడి కుప్ప ఒరిగిపోతే విప్పేసి, హడావుడిగా మళ్లీ కట్టి వెలిగించారు. ఒరిగిందెందుకని ఆగి ఆలోచించినవాళ్లు లేరు, మళ్లీ కట్టగలిగామన్న గర్వమే మిగిలింది.

అమెరికాలోని పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకటి ఉన్న క్యాంపస్ ఇది. పగలు క్లాసులో బీమ్ మీద పడే లోడ్ లెక్కగట్టే కుర్రాడు, రాత్రికి ఇంజనీరింగ్ డిజైనే లేని కట్టడం ఎక్కేవాడు. ఎర్ర హెల్మెట్లు పెట్టుకున్న సీనియర్లను ‘రెడ్ పాట్స్’ అనేవారు. వాళ్లు చెప్పిందే ప్లాను. చదువైపోయి వెళ్లేటప్పుడు తర్వాతి వాళ్లకు నోటిమాటగా అప్పగించేవారు. అలా చేతులు మారేటప్పుడు ఏది జారిపోయిందో, ఏది కొత్తగా చేరిందో చూసే పెద్ద దిక్కు లేదు.

2000 మేలో విచారణ కమిషన్ నివేదిక ఇచ్చింది. రెండో అంతస్తు దుంగలను కింది దుంగల మధ్యకు బలంగా దిగ్గొట్టడంతో లోపలి నుంచి ఒత్తిడి పెరిగింది. దాన్ని బయటి నుంచి బిగించి పట్టుకోవడానికి అంతకుముందు ఏళ్లలో కింది అంతస్తు చుట్టూ కట్టిన ఉక్కు కేబుళ్లు ఆ ఏడాది లేవు. ఇవి కంటికి కనిపించే కారణాలు. వీటి వెనక కమిషన్ ఇంకోటి కూడా చూపించింది. ఆ యూనివర్సిటీ సంస్కృతే ప్రమాదాన్ని గుర్తించనివ్వలేదు. నన్ను వదలనిది ఈ మాటే. 12 మంది ప్రాణాలు తీసింది దుంగల బరువొక్కటే కాదు, ‘ఎప్పుడూ ఇలాగే చేశాం కదా’ అన్న ధీమా కూడా.

సంప్రదాయాలన్నీ మానేయమని నేననడం లేదు. ఇదే కాలేజీలో ‘ట్వెల్త్ మ్యాన్’ (పదకొండు మంది జట్టుకు పన్నెండో మనిషి) అనే సంప్రదాయం ఉంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. జట్టులో ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే, ప్రెస్ బాక్సులో ఉన్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ డానా బైబిల్ పిలిపించారు. గిల్ యూనిఫాం వేసుకుని ఆట ముగిసేదాకా మైదానం పక్కనే సిద్ధంగా నిలబడ్డాడు. దిగాల్సిన అవసరం రాలేదు, ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. ఆయన గుర్తుగా ఇవాళ్టికీ లక్ష మంది పట్టే కైల్ ఫీల్డ్ స్టేడియంలో విద్యార్థులు ఆటంతా నిలబడే చూస్తారు. కాళ్లు లాగితే కూర్చోవచ్చు. బాన్‌ఫైర్ కూలిన ఆ రాత్రి దుంగల మీదున్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ‘ఇక దిగిపోతాను’ అనడం అంత తేలికా?

మన కాలేజీల్లో ‘సీనియర్లు చెప్పారు’ అన్న మాటకు ఉన్న బలం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ర్యాగింగ్‌ను ఎన్నో ఏళ్లు పరిచయం, ఆనవాయితీ అనే పిలిచాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో నిషేధ చట్టం వచ్చాక కూడా ఫిర్యాదు చేసిన పిల్లవాడికే ‘స్పోర్టివ్‌గా తీసుకోలేవా’ అని క్లాసు పీకే లెక్చరర్లున్నారు. పెద్దల మాట చద్దిమూట అని మనం నమ్మేది వాళ్లు ఎండా వానా చూసినవాళ్లని. రెండేళ్లు ముందు చేరిన కుర్రాడికి ఆ హోదా ఎవరిచ్చారు? సీనియర్‌ను ప్రశ్నించడం తప్పన్న భయంతో పెరిగిన మన పిల్లలు కూడా ఏ అండ్ ఎం ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో చదువుతున్నారు. గొంతెత్తడం వాళ్లకు ఇంకా కష్టం.

ఆగస్టులో కొత్తగా దిగే మన పిల్లలను అక్కడున్న తెలుగు సీనియర్లు అపార్ట్‌మెంట్లకు, ఇండియన్ స్టోర్‌కు, స్టేడియానికి తీసుకెళ్తారు. దానికన్నా ముందు బాన్‌ఫైర్ మెమోరియల్‌కు తీసుకెళ్లాలి. అక్కడ వలయంగా 12 ద్వారాలున్నాయి. ఒక్కో ద్వారం చనిపోయిన ఒక్కొక్కరి సొంత ఊరి వైపు తిరిగి ఉంటుంది.