కన్సెంట్ లెటర్ వెళ్లనిదే కాఫిన్ కదలదు

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో మనిషి పోయారని ఫోన్ వస్తే బెజవాడ, గుంటూరు ఇళ్లలో మొదటి పరుగు ఎమ్మెల్యే ఇంటికో, ఎంపీ ఆఫీసుకో. సిఫార్సు లేఖ వృథా అనలేం. కాకపోతే దాన్ని అందుకున్న అక్కడి భారత ఎంబసీ తిరిగి అడిగేది ఇంటివాళ్ల కన్సెంట్ లెటర్‌నే, అంటే దేహాన్ని ఏం చేయాలో చెప్పే సమ్మతి లేఖనే. దేహం ఇల్లు చేరడంలో ఆలస్యానికి దూరాన్నీ విమానాన్నీ తిట్టుకుంటాం గానీ, మన చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితం దగ్గరే తొలి రెండు రోజులూ కరిగిపోతుంటాయి.

పెళ్లయినవారికైతే భార్య లేదా భర్త, పెళ్లికానివారికి తల్లి లేదా తండ్రి సంతకం చేసి నోటరీ చేయించాలి. దేహాన్ని ఇండియాకు పంపమంటున్నారా, అక్కడే అంత్యక్రియలు చేయమంటున్నారా అన్నది తేటగా ఉండాలి. మీ తరఫున అక్కడ సంతకాలు పెట్టే మనిషి పేరు, ఐడీ నంబరు కూడా రాయాలి. చిక్కు ఎక్కువగా పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది. లేఖలో పాస్‌పోర్టు పేరే రాసి, రెండు పేర్లూ ఒకరివేనని ఒక వాక్యం చేర్చాలి. అంతకన్నా పెద్ద చిక్కు, అత్తింటివారు ఒక లేఖ, పుట్టింటివారు మరో లేఖ పంపడం. రెండు లేఖలు చూశాక ఏ కాన్సులేటైనా ఆగిపోతుంది. మాట్లాడేది ఒక్కరే అని ఆ రాత్రే తేల్చుకోవాలి.

ఆసుపత్రిలో జబ్బుతో పోతే పని త్వరగా సాగుతుంది. ప్రమాదం, ఆత్మహత్య, గదిలో ఒంటరిగా మరణం అయితే పోలీసు, పోస్టుమార్టం తప్పవు. అమెరికాలో మరణ కారణం తేల్చే అధికారి (మెడికల్ ఎగ్జామినర్) వదిలితేనే దేహం ఫ్యునరల్ హోమ్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థ) చేతికి వస్తుంది. ఇక్కడ ఎవరి పలుకుబడీ పనిచేయదు. సెలవులూ చూసుకోవాలి. సౌదీలో శుక్ర, శనివారాలు ఆఫీసులు మూత. గురువారం సాయంత్రం పంపిన కాగితం ఆదివారం దాకా ఎవరూ తెరవరు.

డబ్బు సంగతి. గుంటూరు నుంచి అమెరికా వెళ్లే విద్యార్థుల్లో దాదాపు అందరిదీ ఎఫ్-1 వీసా. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల మీద వెళ్లే జే-1 వీసా వారికి దేహం తరలింపు కోసం కనీసం 25,000 డాలర్ల బీమా ఉండాలని అమెరికా నిబంధనే ఉంది. ఎఫ్-1కు అలాంటి ఫెడరల్ నిబంధన లేదు, యూనివర్సిటీ దయ. చదువు ముగిసి ఓపీటీలోకి (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) వెళ్లగానే ఆ యూనివర్సిటీ పాలసీ కూడా సాధారణంగా పోతుంది. ఫండ్‌రైజర్ లింకులు వాట్సాప్‌లో తిరగడానికి అసలు కారణం ఈ ఖాళీయే. లక్షలు పోసి చదువుకు పంపేవాళ్లు ఈ ఒక్క క్లాజు చూడకపోవడం విచిత్రం. గల్ఫ్‌కు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో (విదేశంలో పనికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది: ప్రమాద మరణానికి 10 లక్షలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరినవారికి అదీ ఉండదు. నిజంగా దిక్కులేని కేసుల్లో ఎంబసీ దగ్గరి సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు, విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

దేహం పాడవకుండా మందులు ఎక్కించే ఎంబామింగ్ చేయించాలి. పాస్‌పోర్టు రద్దు చేసి కాన్సులేట్ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తుంది. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎన్ఓసీ, రద్దయిన పాస్‌పోర్టు కాపీ కేంద్ర ఆరోగ్య శాఖ వారి ఈ-కేర్ పోర్టల్‌లోకి ఎక్కాలి. 2023 ఆగస్టులో వచ్చిన ఈ పోర్టల్ ద్వారానే విమానాశ్రయ ఆరోగ్య విభాగం అనుమతి ఇస్తుంది. చాలా దేహాలు శంషాబాద్‌లోనే దిగుతాయి. బంధువులేమో ప్యాసింజర్ల అరైవల్స్ గేటు దగ్గర నిలబడతారు. కాఫిన్ వచ్చేది కార్గో టెర్మినల్‌కు. ఎయిర్‌వే బిల్లులో (విమాన సరుకు రవాణా పత్రం) అందుకునేవారిగా ఎవరి పేరుందో వారే ఒరిజినల్ ఐడీతో రావాలి. అక్కడి నుంచి విజయవాడ 280 కిలోమీటర్ల పైచిలుకు. తాడేపల్లిలోని ఏపీఎన్ఆర్టీకి (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ముందే చెబితే ఉచిత అంబులెన్సు ఏర్పాటు చేస్తారు.

ఇంటికొచ్చాక జరిగే పొరపాట్ల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పెట్టె లోపల జింకు రేకు అతికించి సీలు వేసి ఉంటుంది. దాన్ని రేకు కత్తెరతో, ఆరుబయట తెరవాలి. గ్యాస్ కట్టర్ జోలికి పోవద్దు, లోపల ఫార్మలిన్ ఆవిరి ఉంటుంది. పోస్టుమార్టం అయిన దేహానికి స్నానం చేయిస్తే కుట్ల దగ్గర కారుతుంది. నీళ్లు చిలకరించి సరిపెట్టమని పెద్దలకు నచ్చజెప్పాలి. ముఖం చూడదగ్గ స్థితిలో ఉందా లేదా అన్నది విమానం ఎక్కకముందే ఫ్యునరల్ హోమ్‌ను అడిగి తెలుసుకోవాలి. చూడదగ్గ స్థితిలో లేదని వాళ్లు చెబితే పెట్టె తెరవొద్దు. దేహం బాగా పాడైన కేసుల్లో అక్కడే దహనం చేయించి అస్థికలు తెప్పించుకోవడమే మేలని మా అభిప్రాయం. కృష్ణలో కలపడానికి అస్థికలు చాలు. కడచూపు దక్కలేదన్న బాధ నిజమే, కానీ నాలుగు వారాలు ఎదురుచూసి సీలు తీయని పెట్టెకు దండం పెట్టడం కూడా కడచూపు కాదు.

ప్రభుత్వం చేయగల చిన్న పని ఒకటుంది. విజయవాడ, గుంటూరు కలెక్టరేట్లు రెండింటిలోనూ కన్సెంట్ లెటర్ నమూనా సిద్ధంగా ఉంచి, ఆదివారం రాత్రి పిలిచినా వచ్చే నోటరీని పెడితే ఆ మొదటి రెండు రోజులూ మిగులుతాయి.

చివరగా మరణ ధ్రువపత్రం. విదేశంలో జరిగిన మరణాన్ని విజయవాడ కార్పొరేషన్ నమోదు చేయదు. కాన్సులేట్‌లో నమోదు చేయించుకోవాలి. ఎల్ఐసీ, బ్యాంకు, సబ్ రిజిస్ట్రార్ అందరూ ఒరిజినలే అడుగుతారు. కాబట్టి అక్కడి ఆఫీసు ముద్రతో ఇచ్చే, ఒరిజినల్‌గా చెల్లే సర్టిఫైడ్ కాపీలు ఓ పది తీయించుకోండి. అమెరికావైతే అపోస్టిల్ (పత్రం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), యూఏఈవైతే అక్కడి విదేశాంగ శాఖ అటెస్టేషన్ వేయించుకోవాలి. ఈ మాట ఫ్యునరల్ హోమ్ ఫైలు మూసేలోపే చెప్పాలి. తర్వాతైతే అమెరికాలోని కౌంటీ ఆఫీసుకు (మన జిల్లా ఆఫీసులాంటిది) ఇక్కడి నుంచి ఉత్తరాలు రాస్తూ కూర్చోవాల్సిందే.