శుక్రవారం 7 నుంచి 8 వరకు: స్నేహం

మా అన్నయ్య కూతురు ఈ ఏడు కాలేజీలో చేరింది. మొదటి రోజే సంచీ నిండా కాగితాలిచ్చి పంపారట. అందులో ఒక పట్టిక ఉంది. వారానికి ఏడు నిలువు వరసలు, అరగంటకో గడి. పైన పెద్ద అక్షరాలతో "మీ వారం మీ చేతుల్లో" అని రాసుంది. వెనక్కి తిప్పితే, ఆ గడులు ఎలా నింపాలో చూపించే నమూనా ఒకటి. ఆ నమూనాని నేను చదవకుండా ఉండాల్సింది. చదివాను. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నమూనా ప్రకారమైతే పదింటికల్లా పట్టాలి.

ఆ నమూనాలో ఒక విద్యార్థి ఉన్నాడు. పేరు లేదు. అవతార పురుషులకి ఇంటిపేర్లు అడగం కదా. ఐదున్నరకి లేస్తాడు. 5:40 నుంచి 6:10 వరకు వ్యాయామం. 6:10 నుంచి 6:20 వరకు స్నానం. హాస్టల్ స్నానాల గది ముందు ఏనాడూ అతనికంటే ముందు ఇంకొకడు నిలబడి ఉండడు. 9:50కి ఒక క్లాసు అయిపోతుంది, 10:00కి ఇంకో క్లాసు మొదలవుతుంది. రెండు భవనాలూ ప్రాంగణానికి ఈ చివరొకటి, ఆ చివరొకటి. అయినా సరే, 9:58కి మొదటి బెంచీలో కూర్చుని పెన్ను మూత తీస్తాడు. ఇతనికి రెక్కలున్నాయని కాగితంలో ఎక్కడా చెప్పలేదు, మనమే ఊహించుకోవాలి. సెమిస్టర్ మొత్తంలో జలుబు చేయదు. చెప్పు తెగదు. బుధవారం నాలుగింటికి "పునశ్చరణ", నాలుగున్నరకి "మలి పునశ్చరణ".

ఇక శుక్రవారం. సాయంత్రం 7:00 నుంచి 8:00 వరకు ఉన్న గడిలో ఒకే ఒక్క మాట: "స్నేహం".

ఎనిమిది తర్వాత గడిలో ఏముందో తెలుసా? "బట్టలు ఉతుక్కోవడం".

నేను ఈ మహానుభావుడి స్నేహితుడి గురించి చాలా ఆలోచించాను. గురువారం రాత్రి పదకొండింటికి ఇంటి నుంచి ఏదో చెడ్డ కబురొచ్చి, పాపం, కళ్లనిండా నీళ్లతో వచ్చి తలుపు కొడతాడు. మనవాడు తలుపు తీసి, గోడ మీద పట్టిక చూసి, "రేపు ఏడింటికి రా" అంటాడు. వాడు మర్నాడు సరిగ్గా ఏడింటికొస్తాడు. 7:00 నుంచి 7:20 వరకు కుశల ప్రశ్నలు. 7:20 నుంచి 7:45 వరకు ఏడుపు. 7:45 నుంచి ఓదార్పు. 7:55కి భుజం మీద చెయ్యి. 7:58కి ఆ చెయ్యి తీసేసి, మురికి బట్టల బుట్ట ఎత్తుకుని, "మిగతా దుఃఖం వచ్చే శుక్రవారం చూద్దాం" అంటాడు. పరీక్షల వారంలో ఆ గడి కూడా ఉండదు. అప్పుడు స్నేహితులే ముందుజాగ్రత్తగా కష్టాలు తెచ్చుకోకుండా ఉండాలి.

ఈ పట్టికతోపాటు ఒక ఉపన్యాసం కూడా ఉంటుంది, దానికి హాజరు తప్పనిసరి. సలహాదారుగారు తెర మీద 168 అని వేస్తారు. "వారానికి 168 గంటలు. అందరికీ సమానమే!" అంటారు. తర్వాత లెక్క. 15 క్రెడిట్లంటే వారానికి 15 గంటల క్లాసులు. క్లాసులో గంట కూర్చుంటే బయట రెండు గంటలు చదవాలి కాబట్టి ఇంకో 30. రోజుకి ఎనిమిది గంటల నిద్ర, అది 56. మొత్తం 101. "ఇంకా 67 గంటలు మిగిలాయి! ఏం చేసుకుంటారు?" అని చిరునవ్వుతో అడుగుతారు. ఆ 67 ఎక్కడికి పోతాయో ఆయనకి ఇంట్లో చెప్పినవాళ్లు లేరు కాబోలు. అన్నం తినడానికి, నడవడానికి, పోయిన గుర్తింపు కార్డు వెతుక్కోవడానికి, ఏ గదిలో క్లాసో తెలియక తప్పు గదిలో ఇరవై నిమిషాలు కూర్చుని సిగ్గుతో లేచి రావడానికి పోతాయి. పైగా ల్యాబ్ అనే పదార్థం ఒకటుంది. మూడు గంటలు నిలబెట్టి, చాలాచోట్ల ఒక్క క్రెడిట్ ఇస్తారు. మిగతా రెండు గంటలు విజ్ఞానశాస్త్రానికి మన విరాళం.

అసలీ క్రెడిట్ గంట ఎక్కడిదని కదిపితే ఇంకో వింత బయటపడుతుంది. అమెరికాలో 1906 ప్రాంతంలో, కాలేజీ అధ్యాపకులకి పింఛన్లిచ్చే కార్నెగీ ఫౌండేషన్, ఏది కాలేజీ ఏది కాదు అని తేల్చడానికి పెట్టిన కొలతలతో ఈ గంటల లెక్క ఊపందుకుంది. అంటే పెద్దాయనల పింఛను కోసం పుట్టిన కొలబద్దతో పిల్లల వారాన్ని కొలుస్తున్నాం. బట్ట సంగతి దేవుడెరుగు, గజంబద్ద మాత్రం ఘనమైనది.

ఉపన్యాసంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదే ఆ పాతకాలపు అమెరికా నాయకుడు, రాకుండా ఉండడు. ఐదింటికి లేచి పదింటికి పడుకునేలా ఆయన తన ఆత్మకథలో రాసుకున్న దినచర్యని తెర మీద చూపిస్తారు. అదే ఆత్మకథలో, తనని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ క్రమపద్ధతేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పేజీ మాత్రం తెర మీదకి రాదు.

మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేసుకుంటారని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, చివరి సంవత్సరం విద్యార్థుల్ని మీ థీసిస్ ఎన్నాళ్లలో అవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే? 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. వీళ్లు నాలుగేళ్లు కాలేజీని కాచి వడపోసినవాళ్లు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల మాత్రం డిసెంబరు దాకా ప్రతి అరగంటా ఏం చేస్తుందో ఆదివారం రాత్రికల్లా రాసివ్వాలి.

మా పిల్ల రాసింది. ఐదు రంగుల పెన్నులు కొనుక్కుని మరీ రాసింది. ఆ రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ఏ ప్రమాదమో అని గుండె దడదడలాడుతూ ఎత్తాను.

"బాబాయ్, నిద్రకి లేత నీలం వెయ్యనా, ఊదా వెయ్యనా?"

"నువ్వు పడుకోలేదా?"

"పడుకునే టైమ్‌కి రంగు వేస్తున్నా కదా!"

మొత్తానికి లేత నీలం ఖాయమైంది. నాలుగున్నర గంటలు పట్టింది. పట్టిక వేసుకోవడానికి పట్టికలో గడి లేదు.

ఇంతవరకు నవ్వులాటే. అసలు సంగతి రిజిస్ట్రేషన్ దగ్గరుంది. క్లాసులు ఎంచుకునే వరసలో ముందు పై తరగతులవాళ్లు, అందరి తర్వాత కొత్తపిల్లలు. పొద్దున ఏడింటికి పోర్టల్ తెరుస్తారని మా పిల్ల 6:59 నుంచి తెర ముందు కూర్చుంది. చక్రం తిరిగింది, తిరిగింది. 7:04కి పేజీ వచ్చింది. పదింటి స్టాటిస్టిక్స్ సెక్షన్ నిండిపోయింది. పదకొండింటిది నిండిపోయింది. రెండింటిదానికి వెయిటింగ్ లిస్టులో 41వ స్థానం. ఉన్నది ఎనిమిదింటిది. అది తీసుకుంటే కెమిస్ట్రీతో ఢీ. కెమిస్ట్రీ వదిలేస్తే రెండో ఏడు తీసుకోవాల్సిన మూడు కోర్సులకి అర్హత ఉండదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. చివరికి మంగళవారం ఎనిమిదింటికొక క్లాసు, మళ్లీ సాయంత్రం ఐదింటికి ల్యాబ్. మధ్యలో ఎడారి.

టైమ్‌టేబుల్ వేయడమన్నది ఎంత చిక్కంటే, ఈవెన్, ఇటాయ్, షమీర్ అనే ముగ్గురు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1976లో దాన్ని కంప్యూటర్లకి సైతం కొరకరాని లెక్కల జాబితాలో చేర్చారు. కాలేజీ తేల్చుకోలేక వదిలేసిన ముడులన్నీ జారిజారి, ఆఖరి వరసలో నిలబడ్డ పిల్ల ఒళ్లో పడతాయి. పైన "మీ వారం మీ చేతుల్లో" అని రాస్తారు. ఎవరి చేతుల్లో అండీ?

ఆ ఎనిమిదింటి క్లాసులో పిల్లలు తూగుతారు. మనిషి ఒంట్లో గడియారం అన్నిటికంటే ఆలస్యంగా నడిచేది, అంటే నిద్రా మెలకువా రెండూ ఆలస్యమయ్యేది, దాదాపు 20 ఏళ్ల దగ్గరేనని పరిశోధకులు 2004లోనే తేల్చి చెప్పారు. అది సోమరితనం కాదు, వయసు. అయినా ఆ వయసువాళ్లకే తెల్లవారు క్లాసులు మిగులుస్తారు, తూగితే క్రమశిక్షణ లేదంటారు.

మా పిల్ల గదిలోనే ఉండే అమ్మాయి ఫీజు కోసం పని చేస్తుంది. వారానికి 25 గంటలు, రాత్రి షిఫ్టులు. ఏ రాత్రులో ముందు వారం దాకా తెలియదు. నమూనా పట్టికలో "సంగీతం" ఉంది, "ఆత్మపరిశీలన" ఉంది. "ఉద్యోగం" లేదు. వెతికాను, వెనకా ముందూ తిప్పి వెతికాను, లేదు. ఆ అమ్మాయికి మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే సలహాదారుగారు పిలిపించి "నీకు టైమ్ మేనేజ్‌మెంట్ రాదు" అన్నారట. వారంలో ఏ రాత్రి మెలకువగా ఉండాలో ఎవరో పైఅధికారి నిర్ణయించే బతుకుని, నడుస్తూ పాఠాలు చదువుకుంటూ, నెట్టుకొస్తోంది ఆ పిల్ల. ఆమెకి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పుతారా? ఆమె దగ్గర మీరు కూర్చుని నేర్చుకోవాలి. 168 అందరికీ సమానమట! ఆ మాట అన్న నోటికి ఒక్క నెల రాత్రి షిఫ్టు వేసి, మర్నాడు ఎనిమిదింటికి స్టాటిస్టిక్స్ పెట్టాలి.

సరే, కాస్త నీళ్లు తాగొచ్చాను.

ఇది రాస్తుండగానే మా పిల్ల ఫోన్ చేసింది. గురువారం, రాత్రి పదకొండున్నర. పట్టిక ప్రకారం లేత నీలం. గదిలో అమ్మాయి పని నుంచి ఏడుస్తూ వచ్చిందట, ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారట, ఎప్పటికి లేస్తారో తెలియదట. పొద్దున ఎనిమిదింటికి క్లాసుంది. రేపు సాయంత్రం ఏడింటికి ఖాళీయే కదా అని అనబోయి ఊరుకున్నాను.