ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ గారికి సంజాయిషీ నోటీసు

మహారాజశ్రీ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ సైలెన్సర్ నల్లటి పొగ కక్కుతోంది. వేడి మీద ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్‌లో పెట్రోలు వాసన. కాబట్టి కుశలం మీ ఒక్కరిదే. మీరేమో ఇంజిన్‌కు పెట్రోలు పంచే ఫ్యూయల్ రైలు అనే గొట్టం చివర రేకు టోపీ పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు.

మీ ఉద్యోగం ఏమిటో ఒకసారి గుర్తుచేయాల్సి వస్తోంది. ట్యాంకులోని పంపు అవసరానికి మించి పెట్రోలు తోస్తుంది. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర ఎంత ఒత్తిడి ఉండాలో అంత నిలిపి, మిగతాది రిటర్న్ పైపులో వెనక్కి పంపాలి. ఇందుకు మీకిచ్చిన సరంజామా ఒక స్ప్రింగు, డయాఫ్రమ్ అనే ఒక పల్చటి పొర, ఒక చిన్న వాల్వు. ఇంజిన్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఒక సన్నటి వాక్యూమ్ గొట్టం కూడా మీ నెత్తికి తగిలించారు. మానిఫోల్డ్ లోపల వాక్యూమ్, అంటే గాలి పీల్చే లాగుడు, ఎక్కువైతే పెట్రోలు ఒత్తిడి దించాలి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెంచాలి. రైలుకూ మానిఫోల్డ్‌కూ మధ్య ఒత్తిడి తేడా మాత్రం కదలకూడదు. చాలా బళ్లలో ఆ తేడా సుమారు 3 బార్లు, అంటే 43 పీఎస్‌ఐ పైచిలుకు. ఇంతే మీ పని. అర్జీలు లేవు, బదిలీలు లేవు.

ఇంజిన్ కంప్యూటర్ మీ మాటను వేదవాక్కుగా తీసుకుంటుంది. ఒత్తిడి సరిగ్గానే ఉందనుకుని, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో లెక్క వేసేస్తుంది. మీ మాట నిజమో అబద్ధమో చూడటానికి మీలాంటివారున్న చాలా బళ్లలో ఒత్తిడి కొలిచే సెన్సరే లేదు. మీరు ఒత్తిడిని 20 శాతం పెంచితే, అదే సమయంలో పోయే పెట్రోలు దాదాపు 10 శాతం పెరుగుతుంది. తనిఖీ లేని చోట ఉద్యోగం దొరకడం అదృష్టమే. దాన్ని ఇంత శ్రద్ధగా వాడుకున్నవారిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను.

ఇక మీ ప్రతిభంతా నేరం ఇతరుల మీదికి వెళ్లేలా చూడటంలో ఉంది. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని, పొగను పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్ మొత్తుకుంటుంది. కంప్యూటర్ కోత పెట్టీ పెట్టీ ఇక తనవల్ల కాక పి0172 కోడు రాసి దీపం వెలిగిస్తుంది. ఆ కోడులో పెట్రోలు ఎక్కువైందన్న సంగతి తప్ప మీ పేరు ఉండదు. అప్పుడు లోకం చేసే మొదటి పని, నిజం చెప్పిన సెన్సర్‌ను పీకి కొత్తది పెట్టడం! తర్వాత మసి పట్టిన స్పార్క్ ప్లగ్గులు పోతాయి. ఇంజెక్టర్లకు శుద్ధి జరుగుతుంది. చివరకు ట్యాంకు దించి పంపును కూడా సాగనంపుతారు. మీ టోపీ మీద దుమ్ము కూడా చెదరదు. ఈలోగా కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి తినేస్తుంది. దాని ఖరీదు ముందు మీ ఖరీదు చిల్లర.

అయితే మిమ్మల్ని పట్టుకోవడానికి పెద్ద విద్య అవసరం లేదు. ఇంజిన్ నడుస్తుండగా మీ నెత్తి మీది వాక్యూమ్ గొట్టాన్ని మెల్లగా లాగాను. అందులో ఉండాల్సింది ఒట్టి గాలి. గొట్టం లోపలి గోడ తడిగా మెరుస్తోంది. వంచి పట్టుకుంటే అంచున ఒక చుక్క ఊరి, వేలి మీద పడి చల్లగా ఆరిపోయింది. పెట్రోలే. అంటే మీ డయాఫ్రమ్ చిరిగింది. ఇంజెక్టర్లతో పనిలేకుండా, లెక్కాపత్రం లేకుండా, దొడ్డిదారిన మానిఫోల్డ్‌లోకి పెట్రోలు పంపిస్తున్నారన్నమాట.

తడి దొరకనంత మాత్రాన మీవాళ్లంతా నిర్దోషులు కారు. రైలుకు గేజి తగిలించి ఐడ్లింగ్‌లో చూడాలి. గొట్టం తీయగానే ముల్లు 8 నుంచి 10 పీఎస్‌ఐ దాకా పైకి లేవాలి. కదలకపోతే, ఆ గొట్టంలో అసలు వాక్యూమ్ వస్తోందో లేదో చూసి, తర్వాత మీ సంగతి తేల్చాలి. తెరుచుకుని బిగుసుకుపోయినవారు ఒత్తిడి నిలవనివ్వక బండిని ఎత్తు మీద ఏడిపిస్తారు. ఆ నింద పంపు మోస్తుంది. ఇంజిన్ ఆపగానే ముల్లు జారిపోతే రిటర్న్ వైపు రబ్బరు గొట్టాన్ని నొక్కి చూడాలి. అప్పుడు ఒత్తిడి నిలిస్తే కారుతున్నది మీరే. నిలవకపోతే, పెట్రోలు వెనక్కి జారకుండా ఆపే పంపు చెక్ వాల్వునో ఇంజెక్టర్లనో అడగాలి. (గేజి తగిలించేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ ఆగేదాకా నడిపి ఒత్తిడి దించుకోవాలి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చిమ్మితే నోటీసులు రాయడానికి ఎవరూ మిగలరు.)

మీ పక్షాన ఒక్క మాట చెప్పాలి. ఒత్తిడి అతిగా ఉన్న ప్రతిసారీ తప్పు మీదే కాకపోవచ్చు. రిటర్న్ పైపు నలిగినా, పూడుకుపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. మీ దగ్గర ఆ పైపు విప్పి పెట్రోలును డబ్బాలోకి వదిలితే ఒత్తిడి మామూలుకు దిగిందంటే దోషి పైపే. ఈ వెసులుబాటు మీకూ ఇద్దామనుకున్నాను. కానీ పైపు పూడుకుంటే వాక్యూమ్ గొట్టంలో పెట్రోలు ఊరదు కదా.

కొత్త తరం బళ్లలో రిటర్న్ పైపు ఎత్తేసి మీ బంధువుల్ని పంపుతో కలిపి ట్యాంకులోనే కూర్చోబెట్టారు. వారిలో చాలామందికి వాక్యూమ్ గొట్టం లేదు, లాగి చూసే సదుపాయమూ లేదు. ఇంకొందరు డైరెక్ట్ ఇంజెక్షన్ బళ్లలో వందల బార్ల మధ్య కొలువు చేస్తున్నారు. అక్కడ మామూలు గేజి పెట్టడం ప్రాణాలతో చెలగాటం. వారితో ఉత్తరప్రత్యుత్తరాలు నావల్ల కాదు.

మీ సంజాయిషీ గొట్టంలోనే దొరికింది కాబట్టి గడువు ఇవ్వడం లేదు. రేపు ఉదయం మిమ్మల్ని విధుల నుంచి తొలగిస్తున్నాను. మీతోపాటు, కారకుండా ఆపే రబ్బరు చుట్ట, ఆ పాత ఓ-రింగు కూడా దిగిపోవాలి. మీ చోట వచ్చేవారికి కొత్తది వేస్తాను. మీరు ఆయిల్‌లో కలిపిన పెట్రోలు ఉంది కాబట్టి ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్పిస్తున్నాను. ఆ ఖర్చు మీ ఖాతాలో రాయడానికి మీకు ఖాతా లేకపోవడం నా దురదృష్టం. ఆక్సిజన్ సెన్సర్ మాత్రం ఉద్యోగంలో కొనసాగుతుంది.

ఇట్లు,
మీరు తగలేసిన పెట్రోలుకు డబ్బు కట్టిన మనిషి