కోట ద్వారం గారికి విన్నపం

మహారాజశ్రీ విజయనగరం కోట ద్వారం, అనగా నగార్‌ఖానా గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం కనుక్కుందామంటే ఫ్లెక్సీ అడ్డం.

మొన్న ఆదివారం ఖరగ్‌పూర్ నుంచి మా మావయ్య వచ్చాడు. పదిహేనేళ్ల తర్వాత ఊళ్లో అడుగుపెట్టాడు. "కోట ద్వారం దగ్గరుండు మావయ్యా, ఫొటో తీస్తాను" అన్నాను. రెండింటి నుంచి మూడున్నర దాకా ఎండలో ఆయన కోట చుట్టూ, నేను ఆయన చుట్టూ. ఫోన్ చేస్తే, "ద్వారం ఏదిరా? ఇక్కడెవడో నల్ల కళ్లజోడు పెట్టుకుని దండం పెడుతున్నాడు" అంటాడు. ఆ కళ్లజోడు వెనకాల ఉన్నది తమరేనండీ.

1713 నాటి కోట. వచ్చే పెద్దలెవరో నగారా కొట్టి ఊరికి చాటడం తమరి ఉద్యోగం. ఇప్పుడు నగారా పేపర్లోనే, అదీ ఎన్నికలప్పుడే మోగుతుంది. చాటింపు పని ఫ్లెక్సీలకి పోయింది. అప్పుడు ఎవరైనా వస్తే చాటేవారు, ఇప్పుడు రానక్కర్లేదు, పుడితే చాలు. పుట్టినరోజు, పెళ్లిరోజు, పదవొచ్చిన రోజు, వస్తుందనుకున్న రోజు. పెద్ద మొహం ఒకటి, కింద స్టాంపు సైజులో ఇరవై రెండు. లెక్కపెట్టాను, టైముంది కదా.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ జాతరలో పూజారి ఎక్కి కూర్చునే పొడవాటి సిరిమాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. అమ్మ వచ్చే దారి, అప్పుడైనా తీస్తారనుకున్నాను. అమ్మకి స్వాగతమంటూ ఇంకో రెండు కట్టారు!

కట్టడానికి మేకులు కూడా తమరి ఒంట్లోకే. మూడొందల ఏళ్ల గోడరా అది! అంత సరదాగా ఉంటే మీ ఇంటి గుమ్మానికి దిగ్గొట్టుకోండి!

క్షమించాలి, గొంతు పెరిగింది. బైకులూ, కిళ్లీ ఉమ్ములూ ఇవాళ ఎత్తను. మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో పడగొడితే ఊరు గోల పెట్టింది. తమరిని పడగొట్టక్కర్లేదు, కప్పేస్తే సరి, ఎవరికీ తెలీదు.

ఫొటో తీశాను. అందులో మావయ్య, ఇరవై రెండు మొహాలు, పై మూలన తమరి అంచు కొంచెం. గాలికి ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటే ఆయన తలెత్తి, "నగారా ఇంకా కొడుతున్నారేట్రా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తమరి గోడ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉన్నాడు.

సంక్రాంతికి మళ్లీ వస్తాడట. ఆ వారం ఊళ్లో ఎవరి పుట్టినరోజూ రాకుండా తమరే చూడాలి.

ఇట్లు,
తమరి ముందే నిలబడి తమరి కోసం వెతికినవాడు