సవరణ: మెదడులోని వల గురించి

పోయిన ఆదివారం పోస్టులో 'పెద్దయ్యాక మెదడులో ప్రతి న్యూరాన్ (నాడీకణం) చుట్టూ ప్రోటియోగ్లైకాన్ల (చక్కెర గొలుసులు అతుక్కున్న ప్రోటీన్ల) వల ఉంటుంది' అని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. గుంటూరులో ఫిజియాలజీ చెప్పే మేడమ్ ఒకరు ఎత్తి చూపాక సమీక్షా వ్యాసాలు మళ్లీ చదివాను.

దట్టమైన వల కొన్ని న్యూరాన్లకే ఉంటుంది. కార్టెక్స్‌లోనైతే, అంటే మెదడు పైపొరలోనైతే, ఎక్కువగా పార్వాల్బుమిన్ అనే ప్రోటీన్ ఉన్న నిరోధక న్యూరాన్లకు (ఇతర న్యూరాన్ల జోరు తగ్గించేవాటికి). మిగతావాటి చుట్టూ ఇలాంటి పదార్థాలే పల్చగా పరుచుకుని ఉంటాయి. 1898లో ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గాల్జీ వర్ణించిన వల ఇదే. సీతానగరం రేవులో ఆరేసిన చేపల వలకున్నట్టే దీనికీ కళ్లుంటాయి, ఆ కళ్లలోనే సైనాప్స్‌లు (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్లు) కుదురుకుంటాయి. హయాలురోనాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు పోగులకు అగ్రెకాన్ లాంటి ప్రోటియోగ్లైకాన్లు అతుక్కుని ఈ అల్లిక తయారవుతుంది. ఈ ప్రోటియోగ్లైకాన్లకుండే కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసులను ఎంజైమ్‌తో కత్తిరిస్తే, ఎదిగిన ఎలుకల దృష్టి కార్టెక్స్‌లో (చూపుకు సంబంధించిన భాగంలో) అనుభవాన్ని బట్టి మారే చిన్నప్పటి గుణం మళ్లీ కనిపించిందని 2002లో తేలింది.

ఇంకొకటి. 'కాండ్రాయిటిన్' అన్న మాట చూసి, అదే పేరున్న మోకాళ్ల మాత్రలు జ్ఞాపకశక్తికీ పనికొస్తాయా అని బ్రాడీపేట పిన్ని ఫోన్ చేసింది. నేను అలా అనలేదు. మెదడులోని వలను అక్కడి కణాలే తయారు చేసుకుంటాయి. మాత్రల సంగతి డాక్టరుగారినే అడగమన్నాను.