గైడు లేని నడక, గుర్తు లేని గుంట

మా పల్లావరంలో చారిత్రక నడక కార్యక్రమం మొదలైంది. మొదలుపెట్టింది నేనే. గైడు ఉండడు, టికెట్టు లేదు, దారి చూపే బోర్డులు అసలే లేవు, కాబట్టి దారి తప్పామని ఎవరూ నిరూపించలేరు. తొలి యాత్రికుడు ఒంగోలు నుంచి వచ్చిన మా బావమరిది. మెరీనా చూస్తానని చెన్నై వచ్చినవాణ్ణి ఒక శుక్రవారం పొద్దున్నే ఇటు మళ్లించాను.

ముందు జీఎస్టీ రోడ్డు దాటాలి. గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డు. ఆ పేరుతో పన్ను 2017లో వచ్చింది గానీ మేం రోడ్డు రూపంలో అంతకు చాలా ముందు నుంచే కడుతున్నాం. అవతలికి చేరడానికి పావుగంట పట్టింది. చరిత్ర చూడబోయేవాడికి ఓపిక అలవాటు చేయడానికే అలా కట్టారని నా నమ్మకం.

ఇక అసలు ఘట్టం. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త పల్లావరం దండు మైదానం దగ్గర కంకర గుంటలో ఒక రాతి పనిముట్టు ఏరాడు. ఈ దేశంలో పాతరాతియుగపు మనిషి తిరిగాడని చెప్పిన మొదటి సాక్ష్యం అదే. ఇంత సంగతి మా పిన్‌కోడ్‌లో జరిగింది. ఆ గుంట ఎక్కడో చెప్పే పలక మాకైతే ఎక్కడా కనిపించలేదు. టీ కొట్టతన్ని అడిగితే "అంగె ఒణ్ణుమే ఇల్ల సార్" (అక్కడేం లేదు సార్) అన్నాడు, గ్లాసు కడుగుతూనే. దీన్ని నిర్లక్ష్యమనేవాళ్లున్నారు. నేననను. ఎవరూ పట్టించుకోనంతకాలం ఆ రాయి వేల ఏళ్లు పల్లావరంలోనే భద్రంగా ఉంది. పట్టించుకున్న దొర ఒక్కడు వచ్చాడు, దానికి ఈ ఊరితో రుణం తీరిపోయింది.

బావమరిది వంగి ఒక కంకర రాయి తీసి, "ఇలాంటిదేనా బావా?" అన్నాడు. అంతే, తోపుడుబండి కింద పడుకున్న వీధికుక్క దిగ్గున లేచి సందు చివరిదాకా పరిగెత్తి, అక్కడ ఆగి వెనక్కి చూసింది. వంగి లేచిన మనిషి చేతిలో రాయి దేనికి పనికొస్తుందో ఈ పేటలో దానికింకా జ్ఞాపకముంది.

తర్వాత మహేంద్రవర్మ తొలిపించిన గుహ. ఏడో శతాబ్దపు పల్లవరాజు. దేవుడికి గుడి తొలిపిస్తూ పనిలో పనిగా తన బిరుదులూ చెక్కించుకున్నాడు. ఆయన బిరుదుల్లో మన తెలుగు మాటలూ ఉన్నాయి, కాబట్టి ఇక్కడ మనం పరాయివాళ్లం కాము (ఇంటి ఓనరుకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు). ఇప్పటి వార్డు నాయకుల ఫ్లెక్సీలకు మూలపురుషుడు ఆయనే. వానకు రంగు పోకపోవడం ఒక్కటే తేడా. ఆ గుహ తర్వాతి కాలంలో దర్గా అయింది. నిజం చెప్పాలంటే, నా జాబితా మొత్తంలో జనం తమంతట తాము వచ్చే చోటు అదొక్కటే.

పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) దాకా కూడా నడుద్దామన్నాను. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే ఆంగ్ల సైనికాధికారి దేశాన్ని కొలవడం మొదలుపెట్టింది ఆ కొండ దగ్గరే. మొదటి గీత, ఏడున్నర మైళ్లు, గొలుసు పరుచుకుంటూ కొలవడానికి 57 రోజులు పట్టింది.

"ఆయనకి జీతమిచ్చారుగా బావా" అన్నాడు మావాడు, చెప్పు తీసి మడమ చూసుకుంటూ.

సరే, శుక్రవారం సంతకు మళ్లాం. ఆగిపోయిన గోడగడియారాలు, మూత లేని మిక్సీలు, ఎవరి పెళ్లిదో స్టీలు బిందె, పంజరాల్లో పావురాలు. ఇక్కడ ప్రతి వస్తువునూ చేత్తో పట్టుకోవచ్చు, వెల అడగొచ్చు. బావమరిది కళ్లు మాత్రం టార్పాలిన్ అంచు మీద ఉన్న రాయి దగ్గర ఆగాయి. అరచేతిలో పట్టేంతది, ఒకవైపు కాస్త వాడిగా ఉంది.

"ఎంత?"

"అది అమ్మేది కాదు సార్, గాలికి పట్టా లేవకుండా పెట్టాను" అన్నాడు అరవం కలిసిన తెలుగులో. మావాడు రాయి కింద పెట్టలేదు. అమ్మేవాడు వాణ్ణొకసారి, రాయినొకసారి చూశాడు.

"రెండొందలు."

నూట ఇరవైకి తెగింది. ఇప్పుడది మా ఇంట్లో మాగాయ జాడీ మూత మీద ఉంది. చూడదలచిన పండితులు ఆదివారం రావచ్చు, భోజనాలకు ముందే.